చుక్క లేని పిల్ల

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అంగన్‌వాడీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వాటి గురించి ఆలోచించే తీరిక కూడా లేదు. పొద్దున్నే సెంటర్ తాళం తీయాలి, నిద్రమొహాల పిల్లల్ని బుజ్జగించి ఇళ్ళ నుంచి తీసుకురావాలి, గుడ్లు ఉడికాయో లేదో చూసుకోవాలి, ఫొటోలు ఫోన్లో ఎక్కించాలి, ఎక్కకపోతే చెయ్యి పైకెత్తి సిగ్నల్ కోసం వీధంతా తిరగాలి. ఆ హడావిడిలో దెయ్యం వచ్చి గుమ్మంలో నిలబడినా, లోపలికొచ్చి కూర్చో, పాలు తాగి వెళ్ళు అనేదాన్ని.

అలాంటిదాన్ని, తిరువూరులో నా ఆఖరి సెంటర్లో ఒక పిల్ల వల్ల వానాకాలమంతా ఒళ్ళు జలదరిస్తూ గడిపాను. రిటైరయ్యాక కొత్త టీచర్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మేడమ్, పిల్ల బరువు తగ్గితే ముందేం చూడాలి?" అని అడుగుతుంటారు. పుస్తకంలో ఉన్నది వాళ్ళకి తెలుసు. పుస్తకంలో లేనిది చెబుదామని నేను మొదలుపెడతాను, సగంలో వాళ్ళ ఆటో వచ్చేస్తుంది. అందుకని రాసి పెడుతున్నాను. ఓపికున్నవాళ్ళు చదువుకోండి.

ఆ పిల్లకి ఐదో ఏడు నడుస్తోంది. నిగనిగలాడే నలుపు, నిండు బుగ్గలు, పెద్ద కళ్ళు. ఎడమ బుగ్గ మీద రోజూ శనగబద్దంత దిష్టి చుక్క ఉండేది. అది వాళ్ళ మామ్మ పెట్టేది. సెంటర్లో చాలామంది పిల్లలకి చుక్క ఉంటుంది కానీ సగం మందికి మధ్యాహ్నానికల్లా చెరిగిపోతుంది. ఈ పిల్లది మాత్రం చెరిగేది కాదు. మామ్మ స్వయంగా ఆముదపు దీపానికి పట్టిన కాటుక అది.

వేసవి సెలవుల ముందు దాకా ఆ పిల్ల వాగుడుకాయ. పాట మొదలుపెడితే ఆపేది కాదు. సెలవుల తర్వాత వచ్చిన పిల్ల వేరు. మూల కూర్చుని, పిలిస్తే వెనక్కి తిరిగి చూసేది, తనని కాదు, వెనక ఇంకెవరినో పిలిచినట్టు.

నెలకోసారి పిల్లల్ని తూచాలి. ఆ రోజు అందరూ వరసగా కాటా ఎక్కుతున్నారు. మా ఆయాకి ఒక అలవాటు. సెంటర్లో వంటా, పిల్లల ఆలనా చూసే మనిషి, మంచిది, కానీ గొంతు పెద్దది. కాటా మీద అంకె కనబడగానే వీధికి వినబడేలా అరిచి, "ఇదుగో మన బొండాం, ఇదుగో మన పుల్ల" అని ఒక పేరు తగిలించేది. పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఈ పిల్ల వంతు వచ్చింది. కాటా ముందు నిలబడి ఎక్కలేదు.

"ఎక్కమ్మా."

"నన్నెందుకు టీచర్? ఆ పిల్లని తూచండి."

"ఏ పిల్లని?"

ఆయా ఎత్తి నిలబెట్టింది. అంకె చూసి మొదటిసారి ఆయా గొంతు పడిపోయింది. బుగ్గలు నిండుగానే ఉన్నాయి కాబట్టి ఎవరం గమనించలేదు, గౌను కింద పిల్ల సగమైపోయింది.

ఇలాంటప్పుడు మాకు తెలిసిన దారులు కొన్నే. నేను నులిపురుగులు అనుకున్నాను, మాత్ర వేయించాను. మా సూపర్‌వైజర్ వయసులో చిన్నది, చురుకైనది, పెద్దాసుపత్రిలో రక్తం చూపించమంది. చూపించాం, ఐరన్ టానిక్కు రాశారు. ఆయా మాత్రం నా చెవి దగ్గరికొచ్చి, "గాలి సోకింది టీచర్‌గారూ, ఆ కళ్ళు చూడండి" అంది. పప్పు మాడుతోంది చూసుకో అని పంపించేశాను.

మా సెంటర్లో ఒక మూల పిల్లల ఎత్తుకి అద్దం బిగించి ఉంటుంది. దాని ముందు నిలబెట్టి ముక్కు ఏది, చెవి ఏది అని నేర్పిస్తాం. రెండేళ్ళ పిల్లలు కూడా ఠక్కున వేలు పెట్టి చూపిస్తారు. ఒకరోజు ఈ పిల్లని నిలబెట్టాను. అద్దానికి వీపు పెట్టి నిలబడింది.

"అటు తిరిగి చూడు తల్లీ. నీ ముక్కు ఏది?"

"ఇంటి దగ్గరుంది టీచర్."

పిల్లలందరూ గొల్లున నవ్వారు. ఈ పిల్ల ఆ మాట ఆకతాయితనంగా అనలేదు. పలక ఏదమ్మా అంటే ఇంటి దగ్గరుంది అంటారే, అంత మామూలుగా అంది. బయట వాన పట్టి గది చీకటిగా ఉంది. అద్దంలో దాని వీపూ, జడలూ కనబడుతున్నాయి. నేను గబగబా వెళ్ళి లైటు వేశాను, అది దాచుకోను.

ఆ మధ్యాహ్నమే ఆయా ఇంకో సంగతి పట్టుకుంది. పిల్ల గుడ్డు తినడం లేదు. నోటి దాకా తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా గౌను జేబులో వేసుకుంటోంది. ఎవరికే అని అడిగితే, "ఆ పిల్లకి" అందట.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. సెంటర్ వెనక పిండిమర దాటితే రెండో సందు. తండ్రి లారీ మీద వెళ్తే వారం దాకా రాడు. తల్లి బజారులో ఒక బట్టల కొట్లో పనిచేస్తుంది. ఇంట్లో మామ్మ ఉంది. గుమ్మంలోకి అడుగు పెట్టగానే వాసన. ఎలుక చచ్చిన వాసన లాంటిది. ఎదురుగా గోడకి అద్దం ఉండాల్సిన చోట తువ్వాలు వేలాడుతోంది.

"అద్దానికి గుడ్డ కప్పారేంటి మామ్మగారూ?"

"అదే కప్పుద్ది టీచరమ్మా. తీస్తే ఏడుస్తది. ఆ పిల్ల చూస్తోంది అంటది." మామ్మ గొంతు బాగా తగ్గించింది. "మీకు చెప్పలేదుగానీ, దీనికి ముందొక పిల్ల పుట్టింది మాకు."

ఆ కథ అప్పుడు చెప్పింది. మొదటి మనవరాలు తెల్లగా, బొద్దుగా ఉండేదట. చూసినవాళ్ళందరూ ఎత్తుకునేవాళ్ళు. మామ్మ అయితే దాన్ని బంగారు తల్లీ, నా అందాల తల్లీ అని తప్ప పిలవలేదట. ఏడాది నిండకుండా జ్వరమొచ్చి పోయింది. అందుకని ఈ రెండోది పుట్టినప్పుడు పాత పద్ధతి చేశారు. చేటలో పడుకోబెట్టి ఎదురింటి పాలావిడ చేతికిచ్చారు. ఆవిడకి ఇంత తవుడు పోసి, మళ్ళీ ఆవిడ దగ్గర కొనుక్కున్నట్టు ఇంటికి తెచ్చుకున్నారు. ఇది మా పిల్ల కాదు, విలువైనది అసలే కాదు, తవుడికి కొన్నాం అని చావుకి వినబడేలా చెప్పడం అన్నమాట. ఈ ప్రాంతంలో పెద్దవాళ్ళెవరికైనా తెలిసిన ఆచారమే. మా అమ్మ తరంలో తవుడమ్మలూ పెంటయ్యలూ వీధికొకరు ఉండేవాళ్ళు.

అక్కడితో ఆగలేదు మామ్మ. ఆ రోజు నుంచీ రోజూ అదే మాట. "నల్లమొద్దు, దీన్నెవరు తీసుకుపోతారు? మా పిల్ల కాదిది, తవుడికి కొన్నాం." స్నానం చేయిస్తూ అంటుంది, అన్నం పెడుతూ అంటుంది. ఎంత ప్రేమ ముంచుకొస్తే అంత గట్టిగా తిడుతుంది. పెద్దవాళ్ళకి ఆ తిట్టు లోపల ఉన్నదేంటో తెలుసు. ఐదేళ్ళ పిల్లకి తిట్టే తెలుసు.

"ఇప్పుడేమో ఆ పోయిన పిల్ల దీన్ని తీసుకుపోవడానికి వచ్చింది టీచరమ్మా. ఆ పిల్ల, ఆ పిల్ల అని ఇది ఊరికే అంటదా? శనివారం నెమలి ఊళ్ళో గుడికెళ్ళి స్వామికి మొక్కొచ్చా. పాలావిడ వాళ్ళ దర్గాలో తాయెత్తు కట్టించింది. అయినా తిండి ముట్టదు."

పిల్ల గోడకానుకుని కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. బస్సు కోసం ఎదురుచూసే మనిషి చూపు.

అంతలో తల్లి కొట్టు నుంచి వచ్చింది. పాతికేళ్ళకి అటూ ఇటూ ఉంటాయి, తనూ చామనఛాయ, పాపం అలిసిపోయి ఉంది. నన్ను చూసి కాఫీ పెట్టబోయింది, వద్దన్నాను. ఫోను ఛార్జింగుకి పెట్టడానికి టీవీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి, "ఛీ, ఏంటీ కంపు" అని బల్లని ముందుకి లాగింది.

బల్ల వెనక, ఛార్జర్ తీగ కింద, గుడ్లు. ఉడికించి, పొట్టు ఒలిచి, ఒకదాని పక్కన ఒకటి గోడవారగా పెట్టి ఉన్నాయి. కొన్ని పచ్చబడి, కొన్ని నల్లబడి. అన్నిటికన్నా చివరిది ఆ రోజుదే, ఇంకా తెల్లగా ఉంది.

మామ్మ స్వామిని తలుచుకుని దణ్ణం పెట్టింది. తల్లి నోరు నొక్కుకుంది. పిల్ల మాత్రం దగ్గరికొచ్చి వంగి చూసి, నిరాశగా అంది.

"ఇయ్యాలా తినలేదు."

ఎవరు తినలేదని నేను అడగలేదు. తల్లి చేతిలో ఫోను వెలిగి ఉంది, దాని మీద ఒక బొమ్మ. అప్పుడు తట్టింది నాకు. "అమ్మా, ఆ ఫొటో ఎవరిది?" అన్నాను.

"మనమ్మాయిదే మేడమ్." ఆ కంగారులోనూ తల్లి మొహంలో చిన్న వెలుగు వచ్చింది. వేలితో జరుపుతూ చూపించింది. "బాగుంది కదండీ? ఎండాకాలంలో కొన్న ఫోను, ఇందులో తీస్తే ఇట్టా వస్తది. అందరూ ఇట్టాగే తీసుకుంటారు."

అవే జడలు, అదే గౌను. కానీ పాల రంగు, సన్నటి గడ్డం, సూది ముక్కు, లేత గులాబీ పెదవులు, ఉన్న కళ్ళకి రెట్టింపు కళ్ళు. ఎంత జరిపినా ఆ పిల్లే. ఫొటోలు చూస్తున్న తల్లి నవ్వుతోంది. నేను పిల్ల వైపు చూశాను. అది ఫోను వంక చూడటం లేదు. తల్లి నవ్వు వంక చూస్తోంది.

ఆ నవ్వు దానికి దొరికేది అక్కడొక్కచోటే అని నాకు తర్వాత తెలిసింది. పొద్దున్నే నలుగు పెట్టి రుద్దేటప్పుడు ఆ తల్లి నవ్వదు. "కాస్తన్నా తెల్లబడవేంటే" అని మోచేతులు ఎర్రగా అయ్యేదాకా రుద్దుతుంది. ఆమెని చిన్నప్పుడు ఎవరు ఎన్ని మాటలన్నారో నాకు తెలియదు. చెడ్డ తల్లి మాత్రం కాదు.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇంట్లోకి ఏ చచ్చిపోయిన పిల్లా రాలేదు. ఇది పిచ్చిది కాదు, చాలా తెలివైనది. మీరిద్దరూ చెప్పిన రెండు మాటల్నీ కలిపి లెక్క తేల్చుకుంది. ఒకరేమో నువ్వు మా పిల్లవి కాదు, తవుడికి కొన్నాం అన్నారు. ఇంకొకరేమో ఫోను చూపించి ఇదే మా పిల్ల అన్నారు. మరి తనెవరు? ఆ అసలు పిల్ల బదులు ఇంట్లోకి వచ్చిన ఎవత్తో. ఆ అసలు పిల్ల అన్నం తను తింటోంది. అందుకని తినడం మానేసి, ఆ పిల్లకి పెడుతోంది.

తల్లి ఏడ్చింది. ఫొటోలు తీయనంది. మామ్మ మాత్రం లొంగలేదు.

"మీరొక్కసారి దాన్ని దగ్గరికి తీసుకుని, నువ్వే నా పిల్లవి, చక్కగా ఉన్నావు అనండి మామ్మగారూ. మిగతాది నేను చూసుకుంటా."

"ఆ మాట నా చేత అనిపించొద్దు టీచరమ్మా." రెండు చేతులూ జోడించింది. "ముందు దానికి అన్నాను. అన్న నోరు ఇదే."

నాకు కోపం ఎక్కువ. ఇంకెవరైనా అయితే అరిచేదాన్ని. ఆవిడ జోడించిన చేతులు దించలేదు. ఒక మాట అంటే పిల్ల చచ్చిపోతుందని ఆవిడ నమ్మకం, అనకపోతే పిల్ల చచ్చిపోతుందని నా భయం. మధ్యలో పిల్ల, గోడకానుకుని, మా మాటలన్నీ వింటూ కూర్చుంది. పిల్లలకి అర్థం కాదులే అని మనం వాళ్ళ ముందు మాట్లాడే మాటలు ఎన్నో. ఆ రోజు నేను చేసిన పనీ అదే.

ఎందుకంటే ఆ పిల్ల నా మాటల్లోంచి తనకి కావలసింది ఏరుకుంది. తవుడు ఇచ్చి కొన్నారు. అయితే తవుడు వెనక్కిచ్చేస్తే?

రెండు రోజుల తర్వాత అనుకుంటాను, పొద్దుట్నుంచీ ముసురు. మధ్యాహ్నం పిల్లలకి వడ్డిస్తుంటే ఒక కంచం ముందు ఎవరూ లేరు. ఆయా వెనక గుమ్మం చూసి వచ్చి, తలుపు తీసి ఉందండీ అంది. పిల్లల్ని ఆయాకి వదిలి గొడుగు కూడా లేకుండా పరిగెత్తాను. పిండిమర దగ్గర అడిగితే ఆ కుర్రాడు, "నల్లపిల్ల గదండీ, బుగ్గన చుక్క? ఇప్పుడే వచ్చి తవుడు ఎత్తుకుంటుంటే గేదెకేమో అని ఊరుకున్నా" అన్నాడు.

పాలావిడ కొట్టంలో దొరికింది. ఆవిడ రెండు గేదెలు పెట్టుకుని వీధికంతా పాలు పోస్తుంది. నేను వెళ్ళేసరికి పాలావిడ తలమీద కొంగు జారిపోయి, గుంజకి ఆనుకుని నిలబడి ఉంది. ఎదురుగా పిల్ల, వానలో తడిసి, గౌను అంచు రెండు చేతులా ఎత్తి పట్టుకుని. ఒళ్ళంతా తవుడు. గౌను నిండా తవుడు.

"చూడండి టీచర్‌గారూ, ఏమంటందో." పాలావిడ ఏడుస్తోంది.

పిల్ల నన్ను పట్టించుకోలేదు. ఇంకోసారి ఓపిగ్గా చెప్పింది. "ఇదుగో పాల మామ్మా, తవుడు. తీసేసుకో. నన్ను చేటలో పెట్టేసుకో. మా అమ్మకి ఆ పిల్లని ఇచ్చెయ్యి."

"ఏ పిల్ల తల్లీ, నా దగ్గర ఏ పిల్లా లేదు."

"నువ్వు దాచావు. నన్ను ఇచ్చావు."

రేకుల మీద వాన మోగుతోంది. ఆ పిల్ల కళ్ళు పాలావిడ వెనక చీకటి మూలకి వెళ్ళాయి. అక్కడ గడ్డిమోపు తప్ప ఏమీ లేదు. నాకు తెలుసు ఏమీ లేదని. అయినా నేనూ చూశాను, పాలావిడా వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఒక తెల్లటి పిల్ల నిలబడి ఉంటే ఆ క్షణంలో మేమిద్దరం ఆశ్చర్యపోయేవాళ్ళం కాదేమో.

ఎదురిల్లే కాబట్టి మామ్మ వచ్చేసింది. మనవరాలిని ఆ వాలకంలో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరు కబురు చెప్పారో తల్లి కూడా కొట్టు నుంచి తడుస్తూ పరిగెత్తుకొచ్చింది, చేతిలో ఫోను. పిల్ల మామ్మని చూసి గౌను ఇంకొంచెం పైకెత్తి చూపించింది. "ఇంత చాలా?" అంది.

నేను మామ్మ వంక చూశాను. ఇప్పుడన్నా అను అని చూశాను. ఆవిడ కోడలి వైపు చెయ్యి చాపింది.

"ఏదీ, ఆ పిల్లని నాకు చూపియ్యి."

అప్పటిదాకా ఆవిడ ఆ ఫొటోలు చూడలేదు. శుక్లాల కళ్ళు, ఫోను వెలుగు పడదని దూరం పెట్టేది. ఇప్పుడు ముక్కుకి ఆనించుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"చుక్కేదే?"

"ఏ చుక్క అత్తయ్యా?"

"రోజూ నేను పెట్టే చుక్క."

"ఫోను తీసేస్తది అత్తయ్యా. మచ్చలూ అయ్యీ ఉంటే తీసేస్తది."

"అన్నిట్లోనా?"

తల్లి వేలితో జరిపింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు. మొన్న సాయంత్రం నేనూ అవే ఫొటోలు చూశాను, రంగు చూశాను, ముక్కు చూశాను, చుక్క లేదన్న సంగతి చూడలేదు. ఆ ఇంట్లో చావుకి అడ్డంగా పెట్టుకున్నది ఆ చుక్క ఒక్కటే. దాన్ని ఎవరో నెమ్మదిగా, ఏ జాడా లేకుండా తుడిచేసి, ఆ తర్వాత ఆ పిల్లని నవ్వించి నిలబెట్టారు. మామ్మకి అలాగే కనబడి ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆ కొట్టంలో నాకూ అలాగే కనబడింది.

మామ్మ ఫోనుని బోర్లించి కోడలి చేతిలో పెట్టింది.

"ఇదెవరో నాకు తెలవదు," అంది. "చుక్క లేని పిల్ల నా పిల్ల ఎట్టా అయిద్ది?"

పిల్ల తల ఎత్తింది. గౌను అంచు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి బుగ్గ మీద పెట్టుకుంది. వానకి కాటుక కొంచెం జారింది, వేళ్ళకి నలుపు అంటింది. ఆ వేళ్ళ వంక చూసుకుంటోంది.

మామ్మ వంగి దాని గడ్డం పట్టుకుంది. "ఇదుగో. ఇది నేను పెట్టిన చుక్క. ఇయ్యాల పొద్దున నా వేలితో పెట్టా. ఇది ఎవరి మీదుంటే అదే నా పిల్ల." ఆగింది. "నువ్వే నా పిల్లవి. చక్కదనాల తల్లివి."

అని, వెంటనే గుమ్మం వైపు చూసింది. విన్నవాళ్ళెవరైనా ఉన్నారేమో అన్నట్టు. గుమ్మంలో వాన తప్ప ఏమీ లేదు.

పిల్ల అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "మరి తవుడో?" అంది.

మామ్మ దాని గౌను అంచు పట్టుకుని, గేదె ముందున్న తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి మొత్తం దులిపేసింది. గేదె మూతి పెట్టింది. మేం నలుగురు ఆడవాళ్ళమూ, ఆ పిల్లా, గేదె అడుగు దాకా నాకేసేవరకూ అక్కడే నిలబడి చూశాం. పాలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అయిపోయిందమ్మా. తిరిగివ్వడానికి ఇంక తవుడు లేదు. తీసుకోవడానికి నేనూ ఒప్పుకోను" అంది.

"మరి ఆ పిల్ల?" అంది పిల్ల.

పాలావిడ లోపలి నుంచి కంచంలో పెరుగన్నం తెచ్చింది. పిల్ల సగం తిని, అలవాటుగా ఆగి, మామ్మ వంక చూసింది. మామ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుని చూపించింది. మిగతా సగం కూడా తిన్నది. అప్పుడు నేను కొట్టం బయటికి వచ్చి, వానలో నిలబడి, ఎవరికీ కనబడకుండా ఏడ్చాను.

ఆ తర్వాత సంగతి కొంచెమే. ఆ వర్షాలు తగ్గేదాకా మామ్మ రోజూ మా సెంటర్ గుమ్మంలో కూర్చునేది. మనవరాలు తుమ్మితే ఆవిడ మొహం తెల్లబోయేది, దగ్గితే లేచి నిలబడేది. మాట అనేసింది కదా, దాని ఫలితం ఎటునుంచి వస్తుందో అని కాపలా. పిల్ల గుడ్డు తిన్నది, పాలు తాగింది, పాట అందుకుంది. కాటా ఎక్కినప్పుడు ఆయా అంకెని నా చెవిలో చెప్పడం నేర్చుకుంది, ఆవిడకి అదొక పెద్ద శిక్ష. తిట్లు మామ్మ మానలేదు, మానదు కూడా. కానీ తిట్టిన ప్రతిసారీ బుగ్గ మీద చుక్కని వేలితో తాకి తిట్టేది. ఇంకొక్కసారి మంచి మాట అనకూడదా అని అడిగితే, "ఒక్కసారి చాలు టీచరమ్మా. మళ్ళీ మళ్ళీ అంటే వింటారు" అంది. ఎవరు అని నేను అడగలేదు.

కొత్త టీచర్లకి నేను చెప్పాలనుకునేది ఇంతే. పిల్లలకి తమ ఒళ్ళు ఎలాంటిదో అద్దం చెప్పదు. నలుగు పెట్టే చెయ్యి చెబుతుంది, కాటా దగ్గర మనం పెట్టే పేరు చెబుతుంది, ఏ బొమ్మని చూసి అమ్మ నవ్విందో అది చెబుతుంది. ప్రేమతో తిట్టిన తిట్టు కూడా చెబుతుంది. బరువు తగ్గితే నులిపురుగుల మాత్ర వేయండి, వేయొద్దనను. ఆ తర్వాత ఇంటికి వెళ్ళి, ఆ పిల్లని ఎవరు ఏమని పిలుస్తున్నారో కూర్చుని వినండి.

నేను రిటైరైన రోజు సూపర్‌వైజర్ తన ఫోన్లో నా ఫొటో తీసి, ఫ్రేము కట్టించి ఇచ్చింది. శాలువా, దండ, అన్నీ బాగున్నాయి. ముందు గదిలో తగిలించాను. మొన్నామధ్య ఆ పిల్ల వాళ్ళమ్మతో మా ఇంటికి వచ్చింది. స్కూలు యూనిఫారం, రెండు జడలు, ఎడమ బుగ్గన చుక్క. వాళ్ళమ్మ లోపల నాకు మామిడికాయలు సంచిలోంచి తీసి పెడుతోంది. పిల్ల ఫ్రేము కింద నిలబడింది.

"ఈవిడెవరు టీచర్?"

"నేనేనే."

ఒప్పుకోలేదు. నా మొహమూ ఫొటో మొహమూ మార్చి మార్చి చూసింది. నేను కూడా లేచి వెళ్ళి చూశాను. ముడతలు లేవు, అది ఎప్పుడో చూసి సంతోషించాను కూడా. గడ్డం మీద, పుట్టినప్పటినుంచీ నాకున్న పుట్టుమచ్చ లేదు. ఇన్నాళ్ళూ రోజూ ఆ ఫొటో ముందే అన్నం తింటున్నాను.

మాట మార్చడానికి అడిగాను. "అప్పట్లో ఒక పిల్ల ఉండేది కదా, ఫోన్లో. గుర్తుందా?"

"ఉంది టీచర్. అమ్మ పాత ఫోన్లోనే ఉంది. అది పాడైపోయింది, బీరువాలో పెట్టాం." మళ్ళీ ఫ్రేము వంక చూసింది. "నేను పెద్దదాన్నయ్యాను. అది మాత్రం పెరగలేదు. చీకట్లో ఉంటది గదా, అన్నం ఎవరు పెడతారు?"

పిల్ల కుర్చీ లాక్కుని ఎక్కింది. తన బుగ్గ మీది చుక్కకి వేలు అద్దుకుని, ఫ్రేము అద్దం మీద, సరిగ్గా నా గడ్డం దగ్గర, గట్టిగా నొక్కింది. వెనక్కి వాలి చూసి దిగింది.

"ఇప్పుడు మీరే," అంది.

వాళ్ళు వెళ్ళాక తుడుద్దామని గుడ్డ తీసుకుని ఫొటో దగ్గరికి వెళ్ళాను. చాలాసేపు నిలబడి, తుడవకుండానే వచ్చేశాను.